మగ్రిబ్ నుంచి ఇషా దాకా

సచార్ కమిటీ 2006లో సమర్పించిన నివేదికలోని ఒక అంకె నేటికీ మనల్ని వెంటాడుతూనే ఉంది. 6 నుంచి 14 ఏళ్ళ ముస్లిం పిల్లల్లో నూటికి 25 మంది బడి ముఖమే చూడలేదు, లేదా మధ్యలో మానేశారు. ఆ తరువాత 2007 నాటి చట్టం తెలుగునాట ముస్లింలలోని వెనుకబడిన వర్గాలకు 4 శాతం రిజర్వేషన్ కల్పించింది. కేంద్రం 2022-23 నుంచి ప్రీమెట్రిక్ ఉపకార వేతనాన్ని 9, 10 తరగతులకే కుదించింది. కింది తరగతులకు దాన్ని పునరుద్ధరించాలన్న డిమాండును మనం విడిచిపెట్టరాదు. అయితే రిజర్వేషన్ సీటు దాకా చేరేది పది, ఇంటర్ గట్టెక్కిన బిడ్డ మాత్రమే. గుమాస్తాగా ఏళ్ళ తరబడి దరఖాస్తులు చూసినవాణ్ణి. విద్యార్హత గడిలో 'పది ఫెయిల్' అని ఉన్న కాగితాన్ని ఏ జీవో కూడా ముందుకు నడిపించలేదు.

మన పేటల్లో ఎన్నో ఇళ్ళు ఒంటి గదివే. వంట, కుట్టుమిషను, టీవీ, వచ్చిపోయే బంధువులు అన్నీ అక్కడే. ఆ ఇంటివారికి 'పిల్లలకు చదువుల గది ఏర్పాటు చేయండి' అని ఉపదేశిస్తే ఎగతాళిగా ఉంటుంది. గది ఇవ్వలేని ఇల్లు కూడా ఒక వేళను ఇవ్వగలదు. మగ్రిబ్ నమాజుకూ ఇషాకూ నడుమ గంటకు పైగా వ్యవధి ఉంది. ఆ వేళను అజానే గుర్తుచేస్తుంది. అప్పుడు టీవీ ఆగాలి, పెద్దల ఫోన్లూ పక్కకు పోవాలి. తండ్రి రీల్స్ చూస్తూ చదువుకోమంటే కొడుకు చెవి ఆ ఫోను మీదే ఉంటుంది. రంజాన్ ఇటీవల పరీక్షల రోజుల్లోనే వస్తోంది. ఆ నెలలో సాయంత్రం ఇఫ్తారుకూ తరావీకీ పోతుంది గనుక ఫజ్ర్ తరువాతి గంటను వాడుకోవచ్చు.

"మాకే చదువు రాదు, వాడికేం చెబుతాం?" అని తల్లులు అంటుంటారు. చెప్పనక్కరలేదు, వింటే చాలు. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు, పాఠ్యపుస్తకంలో ఇంగ్లీషు: మన పిల్లలు మూడు భాషల నడుమ నలుగుతున్నారు. పుస్తకం మూయించి, ఆనాటి పాఠాన్ని అమ్మీకో నానీకో ఇంటి భాషలో చెప్పమనండి. వర్షం ఎలా కురుస్తుందో నానీకి అర్థమయ్యేలా చెప్పిన పిల్లకు ఆ పాఠం వచ్చినట్టే. తడబడిన చోట మళ్ళీ పుస్తకం తెరవాలి. తెలుగే ఇంటి భాషగా ఉన్న దూదేకుల కుటుంబాలకూ ఇంగ్లీషు మీడియం పిల్లల విషయంలో ఇదే ఉపాయం. ఖురాన్ పారాయణకు కంఠస్థం కావాలి. లెక్కలనూ సైన్సునూ అలాగే బట్టీ పడితే ప్రశ్నలో ఒక మాట మారగానే పిల్లలు నిలిచిపోతారు.

ఇంకొక సంగతి, కొందరికి రుచించకపోవచ్చు. ఆ గంటలోనే కూతురికి వంటింటి నుంచి పిలుపు వస్తుంది, కొడుకు మాత్రం పుస్తకం ముందు కూర్చుంటాడు. రొట్టెల పిండి మగ్రిబ్‌కు ముందే కలపవచ్చు. కొడుకు కూడా కలపవచ్చు.

ఇంట్లో బొత్తిగా వీలులేని పిల్లల మాటేమిటి? చాలా మసీదుల్లో పొద్దున అరబ్బీ నేర్పే మక్తబ్ గది ఉంటుంది. సాయంత్రం తాళం పడి ఉంటుంది. అందులో ఫ్యానూ లైటూ ఇదివరకే ఉన్నాయి. పేటలో డిగ్రీ చదువుతున్న యువకులు వారానికి రెండు రోజులు వచ్చి కూర్చుంటే చాలు. ఆడపిల్లలకు ఏ ఆపా ఇంటి వరండాలోనైనా ఇటువంటి ఏర్పాటే చేయవచ్చు. అర్ధ సంవత్సర పరీక్షల దాకా ఆగకుండా, వచ్చే జుమా నమాజు తరువాత మీ కమిటీ పెద్దలను ఆ గది తాళంచెవి అడగండి.