మన నేల గుర్తులతో మన ఈద్ కానుకలు

ఈద్ దగ్గరపడుతున్న కొద్దీ దుకాణాల ముందు శుభాకాంక్షల కార్డులు, ఈదీ కవర్లు వరుసలు తీరుతాయి. వాటిమీద ఎడారి ఇసుకతిన్నెలు, ఒంటెలు, ఖర్జూరపు చెట్లు, ఇస్తాంబూలు గుమ్మటాలు కనిపిస్తాయి. అవి అందమైనవే, మనకు ప్రియమైనవే. అయితే నంద్యాలలోనో ఆళ్ళగడ్డలోనో పుట్టి పెరుగుతున్న మన బిడ్డకు తాను రోజూ నడిచే నేల గుర్తు ఒక్కటైనా అందులో కనిపించదు. పండుగ ఎక్కడో దూరదేశానికి చెందినదనీ, తన ఊరికి దానితో పొత్తు లేదనీ ఆ పసిమనసు తనకు తెలియకుండానే అనుకోవచ్చు. ఈ గడ్డమీద తరతరాలుగా బతుకుతున్న కుటుంబాలకు ఇది చిన్న విషయం కాదు. అందుకే ఈ నెల ఇంట్లోనే రబ్బరు ముద్రలు చెక్కి, మన ప్రాంతపు గుర్తులతో కాగితపు కానుకలు తయారుచేసే విధానాన్ని పాఠకుల ముందు ఉంచుతున్నాము.

ముద్ర మనకు కొత్తది కాదు. దైవప్రవక్త ముహమ్మద్ (స) ఇతర దేశాల పాలకులకు లేఖలు పంపదలచినప్పుడు, ముద్రలేని లేఖను వారు స్వీకరించరని సహచరులు విన్నవించారు. అప్పుడు ఆయన వెండి ఉంగరం చేయించి, దానిమీద ‘ముహమ్మద్’, ‘రసూల్’, ‘అల్లాహ్’ అనే మాటలను మూడు పంక్తులుగా చెక్కించారు. ఆ తరువాత అది హజ్రత్ అబూబక్ర్ (రజి), హజ్రత్ ఉమర్ (రజి)ల వద్ద ఉండి, హజ్రత్ ఉస్మాన్ (రజి) కాలంలో అరీస్ బావిలో జారిపడి మళ్ళీ దొరకలేదు. లేఖ ఎవరిదో, ఆ మాటకు బాధ్యులెవరో తెలిపేది ముద్ర. మన పిల్లలు తమ చేత్తో చెక్కిన ముద్రను కార్డుపై వేసినప్పుడు ఆ కార్డు కూడా ‘ఇది మా ఇంటి నుంచి, మా ఊరి నుంచి వచ్చింది’ అని చెబుతుంది.

తెలుగునాట అచ్చు అద్దకానికి పేరెన్నికగన్నవి మచిలీపట్నం, దాని పక్కనే ఉన్న పెడన. ‘కలంకారీ’ అన్న పేరే పారశీక భాష నుంచి వచ్చింది: ‘ఖలం’ అంటే లేఖిని, ‘కారీ’ అంటే పని. శ్రీకాళహస్తిలో కలంతో గీసే పద్ధతి నిలిస్తే, మచిలీపట్నంలో టేకు చెక్కపై చెక్కిన అచ్చులతో అద్దే పద్ధతి స్థిరపడింది. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో పారశీక దేశంతో సాగిన వ్యాపారం వల్ల అక్కడి అద్దకంలో లతలు, పువ్వులు, ఆకులు ప్రధానమయ్యాయి. దూరదేశపు అభిరుచి, మన పనివారి చేతినేర్పు కలిసి ఒక కొత్త అందం పుట్టింది. ఈద్ కార్డుపై మన ఊరి గుర్తు వేయడం ఆ బాటలో వేసే చిన్న అడుగే.

ఇక గుర్తులు ఎక్కడ దొరుకుతాయి? 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన నంద్యాల జిల్లాలో వాటికి కొదవలేదు. ముందుగా కొలిమిగుండ్ల మండలంలోని బెలుం గుహలు. ‘బిలం’ అన్న మాటే ‘బెలుం’ అయిందంటారు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ వీటి గురించి రాశారు. 1982, 1983లలో డేనియల్ గెబావర్ నాయకత్వంలో జర్మన్ బృందం లోపలి దారులను కొలిచింది. 2002లో సందర్శకులకు తెరిచారు. మొత్తం 3,229 మీటర్ల పొడవున్న ఈ గుహల్లో సుమారు కిలోమీటరున్నర దూరం మనం నడవగలము. భూగర్భజలం సున్నపురాతిని యుగాల తరబడి కరిగిస్తూ పోగా ఏర్పడిన దారులివి. ఆ రాతి వంపులు ఒకదాని లోపల ఒకటిగా అమరిన కమానుల్లా ఉంటాయి. ఇంత చక్కని ముద్ర వేరే ఏముంటుంది? ఊడలమర్రి అనే చోట పైకప్పు నుంచి దిగిన రాతి ఊడలు నిలువు గీతల ముద్రకు సరిపోతాయి. పాతాళగంగ నీటికి రెండు అలలు చాలు.

రెండవది మామిడి. నవాబులు పాలించి, 1948లో భారతదేశంలో విలీనమైన సంస్థానం బనగానపల్లె. ఆ ఊరి పేరు మోసే మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. అమ్మీల దుపట్టా అంచుల్లో మనం చూసే మామిడిపిందె నమూనా ముద్రకు అన్నివిధాలా అనువైనది. మూడవది మన ఇళ్ళలో పరచుకునే బేతంచెర్ల నాపరాయి. ఆ పలకల అమరిక కార్డుకు చక్కని అంచు అవుతుంది. ఇక ఆళ్ళగడ్డ రాతి చెక్కడానికి ప్రసిద్ధి. అక్కడి శిల్పులు మలిచే రూపాలను మనం తీసుకోకపోయినా, వారి పని నుంచి ఒక పాఠం తీసుకోవచ్చు: అక్కరలేని రాయిని తొలగించడమే చెక్కడం. రబ్బరు ముద్రకూ ఇదే సూత్రం. మిగిలిన ఎత్తు భాగమే సిరా పట్టి కాగితంపై పడుతుంది.

పనిముట్లు స్వల్పం: పెన్సిల్ గీతలు చెరిపే పెద్ద రబ్బరు, పెన్సిలు, పలుచని ట్రేసింగ్ కాగితం, పదునైన చిన్న కత్తి, స్టాంపు ప్యాడ్, చార్టు లేదా గోధుమరంగు కాగితం. బొమ్మను ట్రేసింగ్ కాగితంపై మెత్తని పెన్సిలుతో గీసి, ఆ వైపును రబ్బరుపై బోర్లించి గోటితో రుద్దితే గీత రబ్బరుకు అంటుకుంటుంది. ఇలా చేస్తే బొమ్మ దానంతటదే తిరగబడుతుంది, ముద్ర వేసినప్పుడు సరిగా పడుతుంది. ‘ఈద్ ముబారక్’ అని తెలుగులో రాసినా ఉర్దూలో రాసినా ఇది తప్పనిసరి. చెక్కేటప్పుడు కత్తిని గీతకు బయటివైపుగా వాల్చాలి. అప్పుడు ఎత్తు భాగపు అడుగు వెడల్పుగా నిలుస్తుంది, నొక్కినప్పుడు విరగదు. తెలుగు అక్షరాల వంపుల దగ్గర కత్తిని తిప్పడం కంటే రబ్బరును తిప్పడం సులువు. పన్నెండేళ్ళలోపు పిల్లలు గీయాలి, ముద్ర వేయాలి. కత్తి మాత్రం పెద్దల చేతిలోనే ఉండాలి. మరీ చిన్నవారికి అడ్డంగా కోసిన బెండకాయ చాలు, అదే పువ్వవుతుంది.

ఒక చతురస్రపు ముద్రను ఒకసారి నిటారుగా, అదేచోట మరొకసారి మూలలు పైకి కిందికి వచ్చేలా తిప్పి వేస్తే ఎనిమిది కోణాల నక్షత్రం ఏర్పడుతుంది. దాని చుట్టూ మామిడిపిందెలు, అంచున బెలుం కమానులు వేస్తే కార్డు నిండుగా ఉంటుంది. నున్నని మెరుపు కాగితంపై సిరా త్వరగా ఆరదు, అలుక్కుపోతుంది. గరుకు కాగితమే మేలు. పూర్తిగా ఆరిన తరువాతే మడవాలి.

రెండు మర్యాదలు మరువరాదు. పండుగ మరుసటి రోజు కవర్లు చెత్తబుట్టలో, వీధిలో, కాళ్ళ కింద కనిపిస్తాయి. కనుక పారవేసే అవకాశమున్న కాగితంపై అల్లాహ్ నామాన్నిగానీ ఖుర్‌ఆన్ వాక్యాన్నిగానీ ముద్రించవద్దు. శుభాకాంక్ష, పూలు, నక్షత్రాలు, మన ఊరి గుర్తులు చాలు. రెండవది, గుర్తుల కోసం పిల్లలను గుహలకు తీసుకువెళ్ళినప్పుడు చేతిలో నోటుపుస్తకం, పెన్సిలు మాత్రమే ఉండాలి. చారిత్రక స్థలాల గోడలపై పేర్లు గీకే దురలవాటు మన యువతలోనూ ఉంది. యుగాలుగా నీరు మలిచిన రాతిని ఒక మేకు క్షణంలో పాడుచేస్తుంది. పేరు చెక్కాలన్న కోరిక ఉంటే రబ్బరుపై చెక్కుకోవచ్చునని పిల్లలకు చెప్పండి. తన చేత్తో ఒక కమానును చెక్కిన బిడ్డకు ఆ రాయి విలువ మరొకరు చెప్పనక్కరలేదు.

ఈ కార్డులు ఎవరికి పంపాలి? దూరాన ఉన్న దాదీ, నానీలకు, మామూలకు తప్పక పంపండి. వాటితోపాటు షీర్‌ఖుర్మా గిన్నె అందుకునే పొరుగింటి హిందూ కుటుంబానికీ ఒకటి ఇవ్వండి. ఎడారి బొమ్మను వారు మర్యాదగా చూసి పక్కన పెట్టవచ్చు. బెలుం కమాను, బనగానపల్లె మామిడి ఉన్న కార్డును చూసినప్పుడు ‘ఇది మన ఊరిదే’ అంటారు. ఆ ‘మన’ అన్న మాటలో మీరూ వారూ ఇద్దరూ ఉంటారు. ఈ రోజుల్లో ఆ మాట ఇరుగుపొరుగుల నోట సహజంగా రావడం ఎంత అవసరమో పాఠకులకు వేరుగా వివరించనక్కరలేదు.

ఈద్‌కు ఇంకా సమయం ఉంది. ఒక శుక్రవారం అసర్ నమాజు తరువాత ఇంటిల్లిపాదీ కూర్చుని మొదటి ముద్ర చెక్కండి. వంకరగా వచ్చినా పరవాలేదు, దాన్నీ కాగితంపై వేయండి. ఇంట్లో చేసిన వస్తువుకు ఆ వంకరే ఆనవాలు.