అనామతు ఖాతాను ఖాళీ చేసే తొందర

బ్యాంకు సమన్వయం అంటే వ్యాపారి నగదు పుస్తకంలో రాసుకున్నదాన్నీ, బ్యాంకు స్టేట్‌మెంట్ చూపేదాన్నీ పద్దు పద్దుకూ సరిచూసుకోవడం. రెండూ కలవకపోవడానికి కామర్స్ పాఠంలో మొదట చెప్పే కారణం చెక్కు: రాసిచ్చేది ఒకరోజు, చెల్లేది మరోరోజు. కానీ బ్యాంకు బదిలీ పద్ధతుల్లో నెఫ్ట్ 2019 డిసెంబరు నుంచీ, ఆర్టీజీఎస్ 2020 డిసెంబరు నుంచీ రాత్రీపగలూ నడుస్తున్నాయి. 2025 అక్టోబరు నుంచి చెక్కులు కూడా గంటల్లో తేలే పద్ధతి వచ్చింది. కాబట్టి ఆలస్యం ఇప్పుడు పెద్ద చిక్కు కాదు. వచ్చిన డబ్బు ఎవరిది, ఏ బిల్లుకు అన్నదే గుమాస్తాను పొద్దుపోయేదాకా కూర్చోబెడుతోంది.

ఆ పనికే ఏఐ ఏజెంట్లు వస్తున్నాయి. క్విక్‌బుక్స్ వంటి అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్లు 2025లో వీటిని తెచ్చాయి. తేదీ, మొత్తం, రెఫరెన్సు నంబరు కలిస్తే జత కలపడం పాత సాఫ్ట్‌వేర్‌కూ వచ్చు. ఏజెంటు మరో రెండడుగులు వేస్తుంది: పాత నెలల పద్దులు చూసి ఊహిస్తుంది, అనుమతి ఉంటే ఎంట్రీ తానే వేసేస్తుంది. జాగ్రత్త పడవలసింది ఈ రెండో అడుగు దగ్గర.

పెనుకొండ దగ్గర కియా కర్మాగారం వచ్చాక మొలిచిన చిన్న యూనిట్ల లెక్కలకు ఏజెంటు బాగా సరిపోతుంది. ఒక యూనిట్ పెద్ద కంపెనీకి మూడు జాబ్ వర్క్ బిల్లులు పంపిందనుకుందాం: లక్ష, 80 వేలు, 45 వేలు. జీఎస్టీని పక్కన పెడితే మొత్తం 2,25,000. అందులో 2 శాతం టీడీఎస్ 4,500, వెనక్కి కొట్టిన సరుకుకు 6,000 పోగా బ్యాంకులో పడేది 2,14,500. ఏ బిల్లుతోనూ కలవని ఈ అంకెను విడదీయడానికి మనిషికి అరగంట పట్టవచ్చు. చెల్లింపు వివరాల కాగితం చేతిలో ఉంటే ఏజెంటు క్షణాల్లో విడదీస్తుంది. ఇలాంటి చోట దాన్ని వద్దనడానికి కారణం లేదు.

ధర్మవరంలో సంగతి వేరు. పట్టు, జరీ ఇచ్చి కూలికి నేయించే వ్యాపారి దగ్గర నేతగాడి లెక్క నెలల తరబడి నడుస్తుంది: పండక్కి ఇచ్చిన అడ్వాన్సు, చీర చీరకూ కోసుకునే కొంత, మధ్యలో ఆసుపత్రి ఖర్చుకు ఇచ్చిన చేబదులు. కూలి ఒక్కోసారి భార్య ఫోనుకో, కొడుకు ఖాతాకో వెళుతుంది. స్టేట్‌మెంట్‌లో కనిపించేది 12 అంకెల యూపీఐ నంబరూ, ఇంగ్లీషు అక్షరాల్లో సగం తెగిన పేరూ. రామాంజనేయులు, నారాయణప్ప వంటి పేర్లు వీధికి నలుగురికి ఉండే ఊళ్లలో ఆ సగం పేరు ఎవరినీ పట్టివ్వదు. హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్టుకు కర్ణాటక రైతులూ వస్తారు. అక్కడి చెల్లింపుల్లో ఒకే పేరు ఇంగ్లీషులో మూడు రకాలుగా పడుతుంది. ఏజెంటు పొరపాటున ఒకరి అడ్వాన్సును మరొకరి పద్దులో వేస్తే వ్యాపారి మొత్తం లెక్కలో తేడా రాదు. నేతగాడి బాకీ మాత్రం పెరుగుతుంది. స్టేట్‌మెంట్ చదవడం రాని మనిషికి ఆ తప్పు ఎప్పటికీ కనిపించకపోవచ్చు. ఇదే ఇందులోకెల్లా పెద్ద అన్యాయం.

ఎవరిదో తెలియని సొమ్మును తేలేదాకా ఉంచడానికే లెక్కల్లో అనామతు ఖాతా ఉంది. తేడాను సున్నా చేయమని ఏజెంటుకు చెబితే అది ఈ ఖాతాను ఖాళీ చేయడానికే చూస్తుంది. 1,180 రూపాయలు పోయి ఉంటే వెయ్యి బ్యాంకు చార్జీ, 18 శాతం జీఎస్టీ అని రాస్తుంది. నిజం కావచ్చు, కాకనూ పోవచ్చు. అందుకని ఏజెంటుకు ఇచ్చే ఆదేశంలో తెలియనిదాన్ని తెలియనట్టే వదిలేయమన్న మాట ముందుండాలి. వదిలేసినవాటిని గుమాస్తా ఫోను చేసి కనుక్కోవాలి. ఆ ఫోనుకు ప్రత్యామ్నాయం లేదు.

ఏజెంటు ఎంత సరిగ్గా కలిపినా, పుస్తకానికి పుస్తకం కలిసినంత మాత్రాన గోదాములో సరుకు ఉన్నట్టు కాదు. పెనుకొండ కియా నుంచి కొన్నేళ్లుగా సుమారు 900 ఇంజిన్లు మాయమైన సంగతి 2025లో ఆడిట్‌లో బయటపడి పోలీసు కేసు అయింది. గోదాములో లెక్కపెట్టడం బ్యాంకు సమన్వయంలోకి రాదు. దాన్ని విడిగా చేసుకోవాలి.

ఎంట్రీని ఎవరు ఎప్పుడు మార్చారో చెరగని చిట్టాగా ఉంచే సాఫ్ట్‌వేర్‌నే వాడాలని 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలకు నిబంధన ఉంది. ధర్మవరం, హిందూపురాల్లోని సొంత వ్యాపారాలకూ భాగస్వామ్య సంస్థలకూ అది వర్తించదు. అయినా ఆ చిట్టాను వాళ్లూ పెట్టుకోవాలి. ఏజెంటుకు గుమాస్తా లాగిన్ ఇవ్వకూడదు, విడిగా ఒక పేరు పెట్టాలి. లేకపోతే ఏడాది తర్వాత నేతగాడు వచ్చి ఈ రెండు వేలు ఎందుకు కోశారని అడిగితే, ఆ కోత మనిషి రాసిందో యంత్రం రాసిందో వ్యాపారికే తెలియదు.