యంత్రమునకు పుల్లరి

పుల్లరి యను మాటకు పల్నాటిలో అర్థము చెప్పనక్కఱలేదు. తాతముత్తాతల నాటినుండి తమ పసులు మేసిన యడవిలోనికి ఆ పసులనే తోలుకొని పోవుటకు తలకింతయని సర్కారు వసూలు చేసిన పన్ను అది. గడ్డి సర్కారు విత్తినది కాదు. వాన సర్కారు కురిపించినది కాదు. పన్ను మాత్రము సర్కారుదే. అది కట్టబోమని నిలిచినందుకు 1922లో మించాలపాటి కన్నెగంటి హనుమంతు తుపాకిగుండ్లకు నేలకొరిగెను.

నూఱేండ్లు గడచిన పిదప పుల్లరి మరల వచ్చినది. ఈసారి పసులకు గాదు, యంత్రములకు. ఆనాడు అడిగినవాడు ఎదుట నిలిచి యడిగెను. నేడడుగువాడు కాలిఫోర్నియాలో కూర్చుండి కాగితము పంపుచున్నాడు. చదువురాని ఆనాటి కాపులు ఆ యాజ్ఞలోని యన్యాయమును తెలిసికొనిరి. పట్టములు పొందిన నేటి మన కార్యాలయాధికారులు, కళాశాలల యాజమాన్యములు, ఆసుపత్రులవారు కాగితమును చదువకయే చేవ్రాలు చేయుచున్నారు.

ఈ నాలుగు మాటలు వ్రాయవలెనను ఊహ ధరణికోటలో కలిగినది. గత మాసమున అచ్చట కొందఱు యువకులకు సర్వరును నెలకొల్పుట, కాలానుగుణముగా దానిని క్రొత్త వెర్షనునకు మార్చుట నేర్పు చిన్న శిబిరము జరుగగా, కార్యకర్తలలో నొకడనై నేనును పోయితిని. వృత్తిచేత న్యాయవాదిని, యంత్రముల సంగతి స్వేచ్ఛా సాఫ్టువేరు ఉద్యమములో చేరి నేర్చినది. శాతవాహనుల రాజధానియైన ధాన్యకటకమే ఆ యూరు. ప్రక్కనున్న అమరావతి స్తూపపు చలువరాళ్లు పందొమ్మిదవ శతాబ్దమున లండను చేరి నేటికిని బ్రిటిష్ మ్యూజియములో భద్రముగా నున్నవి. కావున మన సొత్తు పరుల యింట భద్రముగా నుండుట యనగా నేమో ఆ యూరివారికి వేఱుగా బోధింప నవసరము లేదు.

విరామసమయమున నొక కుఱ్ఱవాడు నాయొద్దకు వచ్చి, "లాయరు గారూ! మా కాలేజీలో సర్వరు సాఫ్టువేరును ఎప్పుడో డబ్బిచ్చి కొన్నారటండీ. ఇప్పుడు ఏటేట డబ్బు కట్టకుంటే క్రొత్త వెర్షను రాదంటున్నారట. కొన్నదానికి కౌలేమిటండీ?" అని యడిగెను. ఇరువది యేండ్లుగా పట్టా తగాదాలలో వాదించుచున్నాను. ఇంత సూటియైన ప్రశ్న ఏ న్యాయపీఠమునుండియు నాకు రాలేదు.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలెనన్న, విషయము తెలియనివారికొఱకు కొంత వివరింపవలెను. పూర్వమొక కళాశాలలో హాజరుపట్టికకొక యంత్రము, ఫీజుల లెక్కలకొకటి, గ్రంథాలయమునకొకటి, పరీక్షా ఫలితములకొకటి యుండెడివి. ఒక్కొక్కటియు దినములో నధికభాగము సోమరిగా కూర్చుండి కరెంటు మాత్రము త్రాగెడిది. అప్పుడు హైపర్వైజరు అను సాఫ్టువేరు వచ్చెను. ఒకే పెద్ద యంత్రముపై దానిని నెలకొల్పినచో, అది ఆ యంత్రపు బుద్ధిని, జ్ఞాపకమును, డిస్కును పాళ్లువేసి పెక్కు వర్చువల్ యంత్రములుగా చూపును. ప్రతిదియు తానొక్కటే పూర్ణ యంత్రమని తలచి తన పని తాను చేసికొనును. ఉమ్మడి కుటుంబము ఆస్తి పంచుకొనకయే వేఱు కాపురములు పెట్టినట్లన్నమాట; ఇంతకంటె సామరస్యము కూడ నుండును. ఈ విద్య మొదట ఐబీయం వారి మహాయంత్రములలో 1960ల దశకమున పుట్టెను. దానిని సామాన్య సర్వర్లకు తెచ్చి పేరుగాంచినది 1998లో స్థాపింపబడిన వీయంవేర్ సంస్థ.

హైపర్వైజరు అన్నిటికంటె క్రింద నుండునది యని గుర్తుంచుకొనవలెను. పైనున్న హాజరు, ఫీజు, ఫలితము సమస్తమును దానిపై నిలిచినవే. పునాది యెవని చేతిలో నున్నదో ఇల్లు వాని చేతిలోనిదే.

ఆ పునాది ఎన్ని చేతులు మారినదో చూడుడు. వీయంవేరును 2004లో ఈయంసీ కొనెను. 2016లో ఈయంసీతోపాటు అది డెల్ చేతికి పోయెను. 2021లో వేఱుపడెను. 2023 నవంబరు 22న బ్రాడ్‌కామ్ దానిని చేజిక్కించుకొనెను. భూమి అమ్ముడుపోవునప్పుడు కౌలుదారు నడిగెడివా రెవరు? ఆ సంవత్సరము డిసెంబరులోనే క్రొత్త యజమాని శాశ్వత లైసెన్సుల యమ్మకమును నిలిపివేసెను. పాత శాశ్వత లైసెన్సులవారి నిర్వహణ ఒప్పందముల పొడిగింపును నిలిపెను. ఇకమీదట అంతయు చందాయే. ఆ చందా యంత్రమునకు గాదు, ప్రాసెసరులోని కోరునకింత యని లెక్క. ప్రాసెసరు చిన్నదైనను కనీసము 16 కోరులకు కట్టవలెను. తలకింత యన్న పాత పద్ధతికిని కోరునకింత యన్న క్రొత్త పద్ధతికిని నాకు భేదము కానరాలేదు. పుల్లరి యేగువాడు లేని పసులకు పన్ను వేయలేదు, అంతే.

మనము చిన్నవారము గనుక ఇట్లు చేసిరందురా? అమెరికాలోని ఏటీఅండ్‌టీ మహాసంస్థయే 2024లో న్యూయార్కు న్యాయస్థానమున కెక్కెను. తమపై మోపజూచిన పెంపు ఒక్కయేట నూటికి 1,050 అని ఆ సంస్థ వాదము. తుదకు ఇరుపక్షములును రాజీపడినవి. రాజీ షరతులు మనకు తెలియవు. అట్టి బలవంతునికి రాజీ దొరకునుగాని నరసరావుపేటలోని యొక కళాశాలకు దొరకునా?

కంపెనీవారి జవాబు న్యాయముగనే వినవచ్చును. "పాత శాశ్వత లైసెన్సు చెల్లును, ఎవరు కాదనిరి? వాడుకొనుడు" అందురు. నిజమే, పట్టా చెల్లును. కాని కప్పు కారిన మరమ్మతు చేసికొను హక్కు లేని యింటికి పట్టా యుండియేమి? సాఫ్టువేరు రాతిస్తంభము కాదు. అందలి లోపములు దినదినము బయటపడుచుండును. ప్యాచీలు వేయుచు, వెర్షనులు మార్చుచు నుండవలెను. 2023 ఫిబ్రవరిలో ఐరోపాయందు వేలకొలది వీయంవేర్ సర్వర్లు ఒక దోపిడి ప్రోగ్రాము పాలబడినవి. ఆ లోపమునకు ప్యాచీ 2021 ఫిబ్రవరిలోనే వచ్చియుండెను! రెండేండ్లు ఎవరును వేసికొనలేదు. "నడచుచున్న బండిని ముట్టుకొనవద్దు" అను మన కార్యాలయములలోని పెద్దలు ఈ సంగతిని రెండుమార్లు చదువవలెనని నా మనవి. మరల 2025 మార్చిలో మూడు లోపములు ప్రకటింపబడెను. ప్రకటించునాటికే దొంగలు వానిని వాడుచుండిరి.

కావున అప్‌గ్రేడు విలాసము కాదు, ఆత్మరక్షణ. ఆ రక్షణ తాళపుచెవియే చందాదారుని జేబులో నున్నది. ఏడవ వెర్షనునకు సాధారణ నిర్వహణ 2025 అక్టోబరు 2న ముగిసినది. తొమ్మిదవది చందా లేనివారికి లేనేలేదు. మిక్కిలి తీవ్రమైన లోపములకు మాత్రము, నిర్వహణలో నున్న వెర్షనులవారికి, ఒప్పందము లేకున్నను ప్యాచీలిత్తుమని 2024లో కంపెనీ ప్రకటించినది, సంతోషమే. ఉచితముగా నిచ్చుచుండిన చిన్న హైపర్వైజరును 2024 ఫిబ్రవరిలో తీసివైచిరి, 2025 ఏప్రిలులో మరల నిచ్చిరి. ఇచ్చుట వారి దయ, తీయుట వారి దయ. దయకు దస్తావేజు లేదు. దానిమీద దావా చెల్లదు.

ధర యొక్కటే బాధయైన నేనింత వ్రాయకపోదును. 2025 జూలైలో ఐరోపా సమాఖ్య నయారా ఎనర్జీ సంస్థపై ఆంక్షలు విధించెను. గుజరాతులోని వాడినారున చమురుశుద్ధి కర్మాగారము నడపు సంస్థ యది. రష్యావారి రోస్‌నెఫ్ట్‌కు అందు పెద్ద వాటా గలదు. ఆంక్షలు వెలువడిన కొన్నిదినములకే మైక్రోసాఫ్టు ఆ సంస్థకు ఈమెయిలు మొదలగు సేవలను నిలిపివేసెను. సంస్థ భారతదేశమున నున్నది, సొమ్ము చెల్లించినది, మన ప్రభుత్వము ఆ యాంక్షల నంగీకరింపనేలేదు; అయినను మీట అచ్చట నొక్కగా దీపమిచ్చట నాఱినది! ఢిల్లీ హైకోర్టు నాశ్రయించిన పిమ్మట జూలై నెలాఖరుకు సేవలు తిరిగి వచ్చినవి. అది ఈమెయిలే, హైపర్వైజరు కాదు. ఈమెయిలు పోయిన ఉత్తరములు నిలుచును. పునాది పోయినచో సమస్తమును నిలుచును.

మనకు గత్యంతరము లేదా? కలదు; అదియు నూతనము గాదు. కేవీయం అను హైపర్వైజరు 2007లో లినక్సు కెర్నెలులోనే చేరినది. ఎవరైనను దింపుకొనవచ్చును, చదువవచ్చును, మార్చుకొనవచ్చును, పొరుగువానికీయవచ్చును. గూగులువారి క్లౌడు దానిపై నడచుచున్నది. అమెజానువారు తమ నైట్రోను దాని యాధారముననే కట్టుకొనిరి. కోట్లకు పడగలెత్తినవారు తమ యింటికి స్వేచ్ఛా సాఫ్టువేరును వాడుకొనుచుండగా, తాలూకా కళాశాలలు కౌలు కట్టుచున్నవి. 2025 అక్టోబరులో గూగులు విశాఖపట్టణమున అయిదేండ్లలో 1,500 కోట్ల డాలర్లు పెట్టుబడి పెట్టుదుమని ప్రకటింపగా మనవారు బాణసంచా కాల్చినంత పని చేసిరి. భవనములు రానిండు, ఉద్యోగములు రానిండు. యంత్రము మన నేలపై నుండుట వేఱు, దాని పగ్గము మన చేతిలో నుండుట వేఱు.

ఇచ్చట నొక ఆక్షేపణ వచ్చును: "కేవీయం కూడ విదేశీయులు వ్రాసినదే కదా, ఇందు స్వదేశీ యెక్కడ?" అని. ఇజ్రాయెలులోని యొక చిన్న సంస్థలో పుట్టినమాట నిజము. మిరపకాయ యెక్కడ పుట్టినది? పోర్చుగీసువారు తెచ్చినది. నేడు గుంటూరు మిరప యనిన లోక మెఱుగును. రైతు గింజను దాచుకొని మరుసటియేట విత్తుకొనగలిగెను గనుకనే అది మనదైనది. ఏటేట దుకాణమున గింజ కొనవలసిన రైతు సంగతి ప్రత్తి పండించు పల్నాటివారికి నేను చెప్పవలెనా?

"చెడిపోయిన ఎవరిని పిలుతుము?" అనునది రెండవ ఆక్షేపణ. ఇది గట్టిది, అనుభవముతోనే జవాబు చెప్పెదను. కొంతకాలము క్రిందట నొక విద్యాసంస్థవారు చందా కాగితమును చదివిపెట్టుమని నన్ను పిలిచిరి. చదివి, కట్టవద్దంటిని. అన్నవాడను ఊరకుండగలనా? ఆ సెలవులలో మిత్రులము నలుగురము కూర్చుండి మూడు సర్వర్లను వియన్నావారి ప్రాక్స్‌మాక్సునకు మార్చితిమి. అది డెబియను లినక్సుపై కేవీయంను నడపు స్వేచ్ఛా సాఫ్టువేరు. పాత వీయంవేరు నుండి యంత్రములను తెచ్చుకొను సాధనము అందే యున్నది. లినక్సు యంత్రములు నెట్‌వర్కు కార్డు పేరు మారినందున కొంత తికమకపడి లేచినవి. ఫీజుల లెక్కలున్న విండోసు యంత్రము మాత్రము నీలితెర చూపి చచ్చినట్లు పడియుండెను. రాత్రి రెండుగంటలు. సంస్థ గుమాస్తా గారు మాకు టీ తెచ్చియిచ్చి, ఇక మన సంగతి తెల్లవారుననుకొని కూర్చుండిరి. తప్పు మాదే: క్రొత్త డిస్కును గుర్తించు వర్టయో డ్రైవరును మార్పునకు ముందే ఆ విండోసులో వేయవలసియుండగా మఱచితిమి. డిస్కును పాత సాటా పద్ధతిని తగిలించి లేపి, డ్రైవరు వేసి, మరల మార్చినంతట లేచినది. అంతకుముందే పూర్తి బ్యాకప్పు తీసి, దానిని వేఱొక యంత్రముపై తెఱచి చూచుకొంటిమి గనుక ప్రాణములు నిలిచినవి. తెఱచి చూడని బ్యాకప్పు బ్యాకప్పు కాదు.

ఆ సంస్థలో నేడు తొందరవచ్చిన పిలుచునది వారి శిష్యులనే. సహాయమునకు వియన్నావారికి సొమ్ము కట్టుకొనవచ్చును. కట్టకున్నను యంత్రమాగదు, క్రొత్త వెర్షనులాగవు. సొమ్ము కట్టనివారికి దొరకు ప్యాకేజీలు అంతగా పరీక్షింపబడినవి కావని వారే చెప్పుదురు. కావున ముందొక యంత్రముపై వేసి చూచి తక్కినవానిపై వేయవలెను. ఆ మాత్రము శ్రమ స్వాతంత్ర్యమునకు చెల్లింపవలసిన వెలయే.

మఱియు చట్టము మనవైపుననే యున్నది. ప్రభుత్వకార్యాలయములలో ఓపెన్ సోర్సునకే ప్రాధాన్యమీయవలెననియు, వేఱుదానిని కొనువారు కారణము చూపవలెననియు భారత ప్రభుత్వము 2015లో విధానము ప్రకటించినది. నేను ప్రతిదినము నిలుచు న్యాయస్థానములకు సుప్రీముకోర్టు ఈ-కమిటీ ఉబుంటు లినక్సునే ఎన్నుకొనెను. కేసుల చిట్టా నడపు సాఫ్టువేరు కూడ స్వేచ్ఛా సాఫ్టువేరుపై కట్టినదే. జడ్జీల బల్లమీద పనికివచ్చినది హెడ్మాస్టరు గదిలో పనికిరాదా?

సంవత్సరాంతమున చందా కాగితములు వచ్చును. వానిపై చేవ్రాలు చేయబోవు పెద్దలను అడుగుచున్నాను: మీ సర్వర్లలో కోరులెన్ని? వానిలో మీరు వాడుచున్నవెన్ని? చందా ఆగిన మఱునాడు మీకు మిగులునదేది? 2015 విధానము కోరిన కారణమును మీ ఫైలులో ఎవరు వ్రాసిరి? ఒక్కయేటి చందాలో కొంత తీసి ఊరి పిల్లలిద్దఱికి ఈ పని నేర్పించినచో మఱుసటియేట ఈ కాగితము మీ బల్లమీదికి రానవసరముండదు.

ధరణికోట శిబిరపు కుఱ్ఱవాండ్రు రెండు పాత యంత్రములపై ప్రాక్స్‌మాక్సు ఎనిమిదవ వెర్షనును నెలకొల్పి వదలిరి. 2025 ఆగస్టున వచ్చిన తొమ్మిదవదానికి వానిని మార్చుట మిగిలినది. ముందు తనిఖీ ప్రోగ్రామును నడిపి, అది చూపిన పసుపు హెచ్చరికలను కాగితముపై వ్రాసికొని యున్నారు. వచ్చు ఆదివారము మార్పు. ఏ కళాశాల యాజమాన్యమువారైన వచ్చి చూచిన కుర్చీ వేయుదురు.