కంటి చూపే హద్దు కావాలి

అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో చలికాలం వచ్చిందంటే కయోటీ వేటగాళ్లు తెల్లవారకముందే పొలాల బాట పడతారు. కయోటీ మన గుంటనక్క కంటే కాస్త పెద్దది, తోడేలు కంటే బాగా చిన్నది. బరువు సాధారణంగా 10 నుంచి 15 కిలోలు ఉంటుంది. గొర్రెపిల్లల్ని, లేగదూడల్ని పొట్టన పెట్టుకుంటుందన్న కారణంతో అక్కడి చాలా రాష్ట్రాలు దీన్ని ఏడాది పొడవునా వేటాడనిస్తున్నాయి. వేటగాళ్లలో ఎక్కువమంది టెలిస్కోప్ బిగించిన .223 వంటి తేలికపాటి రైఫిళ్లు వాడతారు. కొందరు మాత్రం ప్రపంచ యుద్ధాల నాటి సైనిక రైఫిల్‌ను, దాని మీదున్న ఇనుప సైట్లతోనే పట్టుకెళ్తారు. దీన్ని పిచ్చి ముచ్చటగా కొట్టిపారేసేవారు ఉన్నారు, అసలైన వేటగాడి లక్షణమని ఆకాశానికెత్తేవారూ ఉన్నారు. రెండు వాదనలూ అసలు విషయాన్ని వదిలేస్తున్నాయి. పాత సైనిక రైఫిల్‌తో కయోటీని వేటాడటంలో తప్పు లేదు. కానీ తూటా ఎంత దూరం పోతుందన్నది లెక్కలోకి రాకూడదు. వేటగాడి కన్ను ఎంత దూరం వరకు కచ్చితంగా గురి కుదుర్చుకోగలదో అదే హద్దు. నా అంచనాలో ఆ హద్దు చాలామందికి 100 గజాలు దాటదు.

ఈ తుపాకులు వేటగాళ్ల చేతికి ఎలా వచ్చాయో చూస్తే సమస్య మూలం అర్థమవుతుంది. రష్యా మోసిన్-నాగాంట్, జర్మనీ మౌజర్, బ్రిటన్ లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిళ్లు రెండు ప్రపంచ యుద్ధాల కోసం కోట్ల సంఖ్యలో తయారై, యుద్ధాలయ్యాక గోదాముల్లో మిగిలిపోయాయి. విదేశీ సైనిక తుపాకుల దిగుమతిని అమెరికా 1968లో చట్టం చేసి ఆపింది. 1980ల మధ్యలో పాతకాలపు ఆయుధాలకు మళ్లీ అనుమతి దొరికింది. సోవియట్ యూనియన్ కూలిపోయాక మోసిన్‌లు పెట్టెలకు పెట్టెలు వచ్చిపడ్డాయి. చాలాకాలం పాటు 100 డాలర్ల లోపే దొరికాయి. మన దేశపు సరుకూ ఆ దుకాణాలకు చేరింది. పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీ 1960ల్లో లీ-ఎన్‌ఫీల్డ్ త్రీనాట్‌త్రీ నమూనాను 7.62 తూటాకు అనువుగా మార్చి 2ఎ, 2ఎ1 పేర్లతో రైఫిళ్లు తయారు చేసింది. సైనిక అవసరం తీరాక అవీ అమెరికాలో అమ్ముడయ్యాయి. ధర తక్కువ, కట్టడం గట్టిది, వెనక ఒక చరిత్ర ఉంది. వేటగాడు మనసు పడటంలో ఆశ్చర్యం లేదు.

చిక్కంతా సైట్లతోనే. వాటిని తయారు చేసింది యుద్ధభూమిలో మనిషిని కొట్టడానికి. మోసిన్, మౌజర్ వెనుక సైట్ల మీద 2,000 మీటర్ల వరకు అంకెలుంటాయి. మూకుమ్మడిగా కాల్పులు జరిపే కాలపు లెక్కలవి. లీ-ఎన్‌ఫీల్డ్ నం.4 రైఫిల్‌కు దగ్గరి సైట్ 300 గజాలకు అమరి ఉంటుంది. ఇలా 300కు సరిచేసిన తుపాకీ నుంచి వెళ్లే తూటా మధ్యదారిలో చూపు రేఖకు కొన్ని అంగుళాలు ఎత్తున ప్రయాణిస్తుంది. నిలబడ్డ మనిషి ఛాతీకి గురిపెట్టిన సైనికుడికి ఆ తేడా పట్టదు. కయోటీ విషయంలో అదే తేడా తూటాను వీపు మీదుగా దాటించేస్తుంది, లేదా వెన్ను పైభాగాన్ని చీల్చి జంతువును కుంటుతూ పారిపోనిస్తుంది. మోసిన్‌తో ఇంకో ఇబ్బంది ఉంది. సోవియట్ సైన్యం దాన్ని బాయ్‌నెట్ తగిలించి సరిచూసేది. బాయ్‌నెట్ తీసేసి కాలిస్తే తూటా తగిలే చోటు మారిపోతుంది. అందుకే చాలామంది ముందు సైట్‌ను మార్చుకుంటారు.

ఎన్‌సీసీలో రైఫిల్ పట్టినవారికి రెండో ఇబ్బంది చెప్పకుండానే తెలుసు. వెనుక సైట్, ముందు సైట్, లక్ష్యం మూడూ మూడు దూరాల్లో ఉంటాయి. కన్ను వాటిలో ఒక్కదాన్నే స్పష్టంగా చూడగలదు. ముందు సైట్ మీద చూపు నిలిపితే లక్ష్యం మసకబారుతుంది. ముందు సైట్ మందం 2 మిల్లీమీటర్లు, కంటి నుంచి దాని దూరం 80 సెంటీమీటర్లు అనుకుందాం. 100 మీటర్ల దగ్గర అది 25 సెంటీమీటర్ల వెడల్పును కప్పేస్తుంది. 200 మీటర్ల దగ్గర అరమీటరును మింగేస్తుంది, అంటే కయోటీ శరీరంలో సగం. గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు అరచేయి కంటే పెద్దగా ఉండదు. ఇక ఆ దూరంలో వేటగాడు గురి చూడటం లేదు, ఊహించి కాలుస్తున్నాడు. నలభై దాటిన కళ్లకు, తొలిసంజ మలిసంజల మసక వెలుగుకు ఈ కష్టం రెట్టింపవుతుంది. అమెరికా సైనిక రైఫిల్ గారాండ్‌కు, లీ-ఎన్‌ఫీల్డ్ నం.4కు ఉండే రంధ్రపు సైట్ కొంత మేలు చేస్తుంది. అయినా ముందు సైట్ మందం మాత్రం తగ్గదు కదా!

తూటా ఎంపికలో అశ్రద్ధ ఇంకా పెద్ద తప్పు. కలకత్తా పక్కనున్న డమ్‌డమ్ ఆయుధాగారంలో 1890ల్లో తయారైన, ఒంట్లో దిగాక విచ్చుకునే తూటాలు ప్రపంచమంతా వివాదం రేపాయి. 1899 హేగ్ ప్రకటన అలాంటివాటిని యుద్ధంలో నిషేధించింది. అందుకే సైనిక సరుకుగా అమ్మే తూటాకు పూర్తి లోహపు తొడుగు ఉంటుంది. అది చిన్న జంతువు ఒంట్లోంచి సన్నని రంధ్రం చేసుకుని అవతలికి దూసుకుపోతుంది. జంతువు వెంటనే చావదు, తూటా అక్కడితో ఆగదు. ఈ రైఫిళ్ల తూటాలు మూడు కిలోమీటర్లకు పైగా పోగలవు. జంతువు వెనక మట్టి గట్టో, కొండవాలో లేకుంటే ట్రిగ్గర్ మీద వేలు పెట్టకూడదు. యుద్ధానికి పనికొచ్చిన నియమం వేటకు తలకిందులవుతుంది. ఇక్కడ విచ్చుకునే వేట తూటాయే దయగల తూటా.

ఇన్ని తంటాలెందుకు, టెలిస్కోప్ బిగిస్తే పోదా అని అడగవచ్చు. గొర్రెల మందకు కాపలా కాసే రైతు 200 గజాల అవతలి కయోటీని ఆపాల్సి వస్తే టెలిస్కోప్ రైఫిలే వాడాలి. అక్కడ పాత తుపాకీ మీద మమకారానికి చోటు లేదు. అయితే కయోటీ వేటలో అసలు విద్య దూరం నుంచి కొట్టడం కాదు, దగ్గరికి రప్పించడం. గాయపడ్డ కుందేలు అరుపును అనుకరిస్తూ గాలివాటం చూసుకుని కూర్చుంటే, ఆకలిగొన్న కయోటీ యాభై అరవై గజాల్లోకి తనంతట తానే వస్తుంది. ఆ దూరంలో ఇనుప సైట్లు చాలు. రాకపోతే ఆ ఉదయం కాల్చకుండా ఇంటికి వెళ్లాలి. పాత రైఫిల్ వేటగాడి మీద పెట్టే ఈ కట్టడే దాని విలువ.

సంఖ్య తగ్గించాలి కాబట్టి దొరికినప్పుడల్లా కాల్చాలనే వాదన కూడా నిలవదు. తోడేళ్లను మట్టుపెట్టాక కయోటీ మైదానాలు దాటి, హవాయి మినహా అమెరికా రాష్ట్రాలన్నింటికీ విస్తరించింది. డల్లాస్ శివార్లలో స్థిరపడ్డ మన తెలుగు కుటుంబాలకు వీధి చివర అది కనిపించడం కొత్త కాదు. ఏటా నాలుగింట మూడొంతుల కయోటీలను చంపుతూ పోయినా అవి అంతరించడానికి యాభై ఏళ్లు పడుతుందని కాలిఫోర్నియా పరిశోధకులు కానొలీ, లాంగ్‌హర్స్ట్ 1975లో లెక్కగట్టారు. ఒత్తిడి పెరిగితే ఎక్కువ ఆడవి ఈనడం, పిల్లలు ఎక్కువగా బతకడం ఇందుకు కారణం. నమ్మకం లేని ఒక కాల్పు వల్ల మందకు ఒరిగేదేమీ లేదు. దాని వల్ల ఖాయంగా మిగిలేది ఒక జంతువు నరకయాతన.

అందుకే వేటకు వెళ్లే ముందు ఒక పరీక్ష ఉండాలి. ఆరంగుళాల కాగితపు పళ్లెం కట్టి, బల్ల ఆసరా లేకుండా, పొలంలో కూర్చునే తీరులోనే కూర్చుని, వేటకు వాడే తూటాలతోనే ఐదు రౌండ్లు కాల్చాలి. ఐదూ పళ్లెంలో పడే చివరి దూరమేదో అదే ఆ వేటగాడి హద్దు. అది 60 గజాలే అయితే 60 గజాలే. వేట శిక్షణ తరగతులు నడిపే రాష్ట్రాల వన్యప్రాణి శాఖలు ఇనుప సైట్లు వాడేవారికి ఈ పరీక్షను పాఠంలో భాగం చేయాలి. ఇందులో నెగ్గలేనివారు టెలిస్కోప్ వాడాలి, లేదా తుపాకీ దించాలి.