అప్‌డేట్ పడకపోతే ఫార్మాట్ కొట్టడమే మందా?

పోస్టు కొంచెం పెద్దదే. ఇంట్లోనో రూములోనో పాత కంప్యూటర్ ఉన్నోళ్లు చివరిదాకా చదవండి.

మాలో ఒకరి కంప్యూటర్‌లో అప్‌డేట్ పడకుండా నిలిచిపోయింది. కడపలో ఒక షాపుకు తీసకపోతే "ఫార్మాట్ కొట్టాల" అన్నారు. సి డ్రైవ్ ఒక్కటే తుడుస్తారనుకున్నాం. డిస్కు మొత్తం తుడిచేసినారు. కులం సర్టిఫికెట్, మార్కుల లిస్టుల స్కాన్లు పోయినాయి. అవి మళ్లీ తెచ్చుకోవచ్చు. తండాలో ఒక అవ్వ దగ్గర కూర్చొని రికార్డు చేసుకున్న గోర్‌బోలి పాటలు కూడా పోయినాయి. మా సుగాలీల భాషకు సొంత లిపి లేదు, నోటిలో ఉన్నదే పుస్తకం. ఆ అవ్వ ఇప్పుడు లేదు. ఇదేందన్నా అని అడిగితే వచ్చిన జవాబు: "మీకు వాడటం రాక చెడగొట్టుకున్నారు."

ఎర్రర్ వచ్చినప్పుడు తీసిన ఫోటో ఫోన్‌లో ఉంది. తర్వాత నిదానంగా చూస్తే నంబరు 80070070. దాని అర్థం ఒక్కటే, డిస్కులో జాగా చాలలేదని. చెత్త ఫైళ్లు తీసేస్తే అయిపోయే పని. రెండో కాపీ పెట్టుకోకపోవడం మా తప్పే, ఒప్పుకుంటాం. కానీ నంబరు చూడకుండా డిస్కు తుడవడం ఎవరి తప్పు?

"మీకు రాదు" అనే మాట మనకు కొత్త కాదు. బడిలో విన్నాం, ఆఫీసుల్లో విన్నాం, ఇప్పుడు కంప్యూటర్ దగ్గర కూడా వింటున్నాం. అందుకే లెక్క సరిగ్గా చూద్దాం. 2018 అక్టోబర్‌లో విండోస్ 10 పెద్ద అప్‌డేట్ కొంతమంది ఫైళ్లనే చెరిపేస్తే మైక్రోసాఫ్ట్ దాన్ని నిలిపేయాల్సొచ్చింది. 2024 జనవరిలో వచ్చిన ఒక భద్రతా అప్‌డేట్ ఎన్నో కంప్యూటర్లలో 80070643 అనే ఎర్రర్‌తో ఆగిపోయింది. అసలు కారణం రికవరీ పార్టిషన్‌లో జాగా లేకపోవడం. తెర మీద చూపిన ఎర్రర్ దానికి సంబంధం లేనిది. ఆ సంగతి కంపెనీయే ఒప్పుకుంది. అంత పెద్ద కంపెనీ తప్పు చేస్తే దాన్ని "సమస్య" అంటారు, తండా పిల్లోడి దగ్గర అదే వస్తే "వాడటం రాదు" అంటారు. ఇదేం న్యాయం?

ఇంకొందరు సీనియర్లు "అప్‌డేట్లు మొత్తం ఆపేయండి, పీడ పోతాది" అని సలహా ఇస్తాండారు. ఇది ఇంకా ప్రమాదం. 2017 మే 12న వాన్నాక్రై వైరస్ ప్రపంచమంతా పాకింది. దాన్ని ఆపే అప్‌డేట్ రెండు నెలల ముందే, మార్చిలోనే వచ్చింది. వేసుకోనోళ్ల ఫైళ్లకు తాళం పడింది. మన రాష్ట్ర పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దానికి చిక్కినాయి. పోలీసులనే వదల్లేదు, మనల్ని వదుల్తాదా? డేటా తక్కువుంటే వైఫై సెట్టింగ్‌లో "మీటర్డ్ కనెక్షన్" పెట్టుకోండి, హాట్‌స్పాట్ డేటా ఊరికే అయిపోదు. కానీ నెలకొకసారైనా మంచి నెట్ ఉన్నచోట అప్‌డేట్ వేసుకోండి. మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ కేటలాగ్‌లో ఫైలు ఒకసారి దించుకుంటే, అదే వెర్షన్ విండోస్ ఉన్న రూములోని కంప్యూటర్లన్నిటికీ పెన్‌డ్రైవ్‌తో వేయొచ్చు.

మూడో సలహా: "పాతదైపోయింది, కొత్తది కొనండి." 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలు మద్దతు అయిపోయింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 ఉండాల, ఇంటెల్ ప్రాసెసరైతే దాదాపుగా ఎనిమిదో తరం గానీ ఆ తర్వాతది గానీ అయ్యుండాల. సెకండ్ హ్యాండ్‌లో కొన్న మన కంప్యూటర్లు చాలావరకు అంతకు ముందువే. నడిచే మిషన్‌ను చెత్త అంటే ఎట్లా? మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెట్టింగ్‌లు సింక్ చేసుకుంటే 2026 అక్టోబర్ 13 వరకు భద్రతా అప్‌డేట్లు డబ్బు కట్టకుండానే వస్తాయని కంపెనీ ప్రకటించింది. ఈ మాట కొత్తది అమ్మేవాడు చెప్పడు. తర్వాత లైనక్స్ ఉంది. కేరళ ప్రభుత్వ బడుల్లో ఏళ్ల తరబడి దాని మీదనే నేర్పుతాండారు. స్వేచ్ఛ సంస్థ వాళ్లు తెలుగులోనే ఆపరేటింగ్ సిస్టం చేసినారు. ట్యాలీ లాంటివి కావాల్సినోళ్లకు ఇబ్బందే, కాదనం. రాసుకోవడానికి, చదువుకోవడానికి, దరఖాస్తులు నింపడానికి మాత్రం చాలు.

షాపుకు పోకముందు ఈ వరుసలో చేయండి:

1. ముందు ఫైళ్లు వేరేచోటికి కాపీ చేయండి. విండోస్ లేవకపోయినా భయపడొద్దు. లైనక్స్ వేసిన పెన్‌డ్రైవ్‌తో ఆన్ చేసి ఫైళ్లు తీసుకోవచ్చు. డిస్కుకు బిట్‌లాకర్ తాళం ఉంటే మాత్రం రికవరీ కీ కావాల.

2. ఎర్రర్ నంబరు ఫోటో తీసి పెట్టుకోండి.

3. తేదీ, టైము సరిగ్గా ఉన్నాయో లేదో చూడండి. ఆన్ చేసిన ప్రతిసారీ పాత తేదీ చూపిస్తుంటే మదర్‌బోర్డు మీద బిళ్లలా ఉండే సెల్లు అయిపోయినట్టే. తేదీ తప్పుంటే అప్‌డేట్ సర్వర్ నమ్మదు. సీఆర్ 2032 సెల్లు మారిస్తే సరిపోతాది.

4. సెట్టింగ్స్‌లో స్టోరేజ్‌కు పోయి టెంపరరీ ఫైళ్లు తీసేయండి. ఆ లిస్టులో "డౌన్‌లోడ్స్" కూడా ఉంటాది, దానికి టిక్కు పెట్టొద్దు.

5. ట్రబుల్‌షూటర్ నడపండి. కాకపోతే సర్వీసెస్‌లో విండోస్ అప్‌డేట్ ఆపి, విండోస్ ఫోల్డర్‌లో సాఫ్ట్‌వేర్ డిస్ట్రిబ్యూషన్ లోపలి డౌన్‌లోడ్ ఫోల్డర్ ఖాళీ చేసి, మళ్లీ స్టార్ట్ చేయండి. సగం దిగి చెడిపోయిన ఫైళ్లు పోయి కొత్తగా దిగుతాయి.

6. అప్‌డేట్ పడేటప్పుడు చక్రం తిరుగుతాంటే స్విచ్ తీయొద్దు. పాత హార్డ్ డిస్కులకు గంటలు పడుతాది. కరెంటు పోయే టైములో మొదలుపెట్టొద్దు.

ఇవన్నీ అయినాక కూడా కాకపోతే "రీసెట్"లో ఫైళ్లు ఉంచుకునే దారి ఉంది. ఫార్మాట్ అన్నిటికన్నా చివరిది.

షాపు అన్నలు మాకు శత్రువులు కాదు. పూట కూర్చొని కారణం వెతికినా, అరగంటలో ఫార్మాట్ కొట్టినా వాళ్లకొచ్చేది అదే డబ్బు, మాకు తెలుసు. అయినా "నంబరు ఏంది, కారణం ఏంది, ఫైళ్లు యాడ పెట్టినారు" అని అడగడం మన హక్కు. జవాబు చెప్పకముందు మిషన్ చేతికియ్యొద్దు. హాస్టళ్లకు కంప్యూటర్లు ఇచ్చేవాళ్లను కూడా అడగాల: ఇచ్చిననాడు ఫోటోలు దిగినారు సరే, వాటికి అప్‌డేట్లు వేసేదెవరు?

తండాల్లో, కాలనీల్లో పెద్దవాళ్ల పాటలు, మాటలు రికార్డు చేసుకున్నోళ్లు మీలో ఇంకా ఉంటారు. సుగాలీలైనా, యానాదులైనా, ఎరుకలోళ్లైనా, చెంచులైనా, ఈ పోస్టు చదవడం అయిపోగానే ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లోకి, ఇంకో కాపీ వేరేవాళ్ల ఇంట్లోకి పంపండి. ఎర్రర్ వస్తే నంబరు కింద కామెంట్‌లో పెట్టండి, కలిసి చూద్దాం. మాకు జరిగింది ఇంకొకరికి జరగకూడదు.