విదేశీ సంబంధాలు - ఆడపిల్ల కాగితాలు



కోయంబత్తూరు, మధుర ప్రాంతాలలో తరతరాలుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబాల పెద్దలకు ఒక మనవి చేసుకోదలచి ఈ ఉత్తరం వ్రాస్తున్నాను. దయతో ప్రచురింప కోరుతున్నాను.

నాయకరాజుల కాలం నుండి మన పూర్వులు ఈ గడ్డకు వలస వచ్చినవారే. అయితే వారు ఒంటరిగా రాలేదు. బంధుబలగంతో వచ్చి, చుట్టుపట్ల ఊళ్ళలోనే కాపురముండి, పిల్లనిచ్చి పుచ్చుకున్నారు. అత్తవారింట పిల్ల కంటనీరు పెట్టినదని తెలిస్తే మేనమామ బండి కట్టుకొని వచ్చేవాడు. అప్పటి కాపురాలన్నీ చల్లగా ఉండేవని నేననను. అడిగే దిక్కు మాత్రం దగ్గరలో ఉండేది.

ఈనాడు పిల్లను డల్లాసుకో, న్యూజెర్సీకో పంపుతున్నాము. వరుని ఇంటిపేరు, జాతకం, జీతం అన్నీ విచారిస్తాము. పిల్ల ఏ వీసా మీద వెళ్ళుతున్నది, అది ఎవరిపై ఆధారపడి ఉన్నది అని అడిగేవారు అరుదు. నేనూ అడగలేదు.

మా అన్నగారి కుమార్తెను అలాగే పంపినాము. ఏడాది తిరగకముందే ఒక రాత్రి ఫోను చేసి, "చిన్నాయనా, నా పాస్‌పోర్టు బీరువాలో పెట్టి తాళం వేసినారు. ఎదురు చెబితే చెయ్యి చేసుకుంటున్నారు. పోలీసులకు చెబితే నన్ను దేశం నుంచి పంపేస్తారట" అన్నది. ముప్పై అయిదేండ్లు సర్కారు కచేరీలో కాగితాలు చూచిన నేను, "సర్దుకోమ్మా, బిడ్డ పుడితే అన్నీ కుదురుకుంటవి" అన్నాను. ఆమె మరి రెండేండ్లు సర్దుకున్నది. తిరిగి వచ్చిననాటికి ఎడమ చెవి వినబడటం లేదు. ఆ సలహా ఇచ్చినవాణ్ణి నేను కాబట్టి ఈ ఉత్తరం.

తరువాత విచారిస్తే తెలిసినది ఇది. భర్త అమెరికా పౌరుడో, గ్రీన్‌కార్డు గలవాడో అయితే, బాధలు పడే భార్య అతని సంతకం లేకుండా తానే శాశ్వత నివాసానికి దారితీసే దరఖాస్తు పెట్టుకోవచ్చును. 1994 నాటి చట్టం ఈ వీలు కల్పించినది. ఆ దరఖాస్తు సంగతి భర్తకు తెలియనీయరాదన్న కట్టడి కూడా ఉన్నది.

కాని మన పిల్లలలో చాలమంది భర్త హెచ్-1బి ఉద్యోగాన్ని ఆధారం చేసుకొన్న హెచ్-4 వీసా మీద వెళ్ళేవారు. వారికి ఆ దారి లేదు. హింసకు గురైన హెచ్-4 భార్యకు పనిచేసుకొనే పర్మిట్ ఇవ్వవలెనని 2005 నాటి సవరణలో ఉన్నా, అమలుకు వచ్చేసరికి 2017 అయినది. అదీ అన్నం పెడుతుంది గాని, ఆ దేశంలో ఉండే హక్కు ఇవ్వదు. విడాకులైతే హెచ్-4 పోతుంది. మిగిలినది 2000లో ఏర్పరచిన యు వీసా. నేరానికి గురై, పోలీసులకు సహకరించినవారికి దానిని ఇస్తారు. ఏటా పదివేలు మాత్రమే కాబట్టి ఏండ్ల తరబడి వేచి ఉండవలసినదే. అయినా మిగిలిన ఆ ఒక్క దారీ పోలీసులకు చెబితేనే తెరుచుకుంటుంది. మా పిల్లను బెదిరించిన మాట ఎంత తలక్రిందులో చూడండి.

మన దేశంలోనూ దిక్కు లేకపోలేదు. 1975లో తిరుపతిలో పెండ్లి చేసుకొన్న ఒక భర్త 1980లో అమెరికా కోర్టులో విడాకులు పొంది, ఇక్కడ మళ్ళీ పెండ్లాడినాడు. ఆ విడాకుల తీర్పు ఇక్కడ చెల్లదని 1991లో సుప్రీంకోర్టు చెప్పినది. అత్తవారింటి హింస భరించలేక పుట్టిల్లు చేరిన స్త్రీ అక్కడే కేసు పెట్టుకోవచ్చునని 2019లో అదే కోర్టు అన్నది. జాతీయ మహిళా కమిషన్‌లో ప్రవాస వివాహాల ఫిర్యాదులకు వేరే విభాగం ఉన్నది.

చట్టాలు కాపురాలను కూల్చుతవని కొందరు పెద్దలంటారు. పాస్‌పోర్టుకు తాళం పడిననాడే ఆ కాపురం కూలినదని నా అభిప్రాయం.

కావున నా మనవి. మొదటిది, తాంబూలాలకు ముందే వీసా ఏదో అడగండి. వరుని వీసా, ఉద్యోగపు కాగితాల నకళ్ళు చూడండి. రెండవది, తమిళనాడు 2009 చట్టం ప్రకారం పెండ్లిని రిజిస్టరు చేయించి, పిల్ల పాస్‌పోర్టు, వీసా, పెండ్లి సర్టిఫికెట్టు నకళ్ళు ఒక జత పిల్లవద్ద, ఒక జత పుట్టింట ఉంచండి. మూడవది, అక్కడి పోలీసుల నంబరు 911 అనీ, మన కాన్సులేటు ఉన్నదనీ, న్యూజెర్సీలో 1985 నుండి దక్షిణాసియా స్త్రీలకు తోడుగా నిలిచిన 'మానవి' వంటి సంస్థలున్నవనీ పిల్లకు ముందే చెప్పి పంపండి.

ప్రవాస భారతీయుల పెండ్లిండ్లను 30 రోజులలో రిజిస్టరు చేయాలన్న బిల్లును 2019లో రాజ్యసభలో పెట్టినారు. నిర్బంధ రిజిస్ట్రేషన్ కావలెనని 2024లో లా కమిషన్ కూడా సిఫారసు చేసినది. ఈ విషయమై మన సంఘాలవారు పార్లమెంటు సభ్యులను కలిసి గట్టిగా అడగవలసి ఉన్నది.

అన్నిటికన్న ముందు, పిల్ల మొదటిసారి ఫోను చేసినప్పుడు "సర్దుకో" అనకండి. "కాగితాలు నీవద్ద ఉన్నవా? మేమున్నాము" అనండి. నేను అనలేకపోయినది అదే.

ఇట్లు,
ఒక విశ్రాంత గుమాస్తా,
కోయంబత్తూరు