యంత్రానికి తెలుగు రాదట!

దసరా సెలవులలో మా మనుమడు రాస్‌ప్‌బెర్రీ పై అనే అరచేతి కంప్యూటరుకు చిన్న కెమెరా తగిలించి, వస్తువును చూపగానే పేరు పలికే పరికరం చేశాడు. జడ్చర్ల బజారులో కొన్న బాలానగర్ సీతాఫలాన్ని చూపితే 'కస్టర్డ్ యాపిల్' అన్నది. జొన్నకంకిని చూపితే 'కార్న్' అన్నది!

"దానికి తెలుగు రాదు తాతా" అన్నాడు. నేనొప్పను. దానికి ఆంగ్లమూ రాదు! బొమ్మను చూచి అది తేల్చేది ఒక వరుససంఖ్యను మాత్రమే. ఆ సంఖ్య కెదురుగా ఎవరో వ్రాసిపెట్టిన పేరును వల్లిస్తుంది. 2012 నాటి ఇమేజ్‌నెట్ పోటీ పట్టికలో పేర్లు 1000. వాటిలో నూటికి పైగా కుక్కజాతులే! మన జొన్నకు చోటు లేదు. జొన్నను నేర్పాలంటే వందల ఛాయాచిత్రాలు కావాలి, సరే. ఉన్న పేర్లను తెనిగించడానికేమి అడ్డు? మనమింకా 'కంప్యూటరు'ను గణనయంత్రమనాలా, సంగణకమనాలా అని వాదులాడుకొంటున్నాము.

సీతాఫలం అమెరికా ఖండంనుండి వచ్చిన చెట్టు. మన పూర్వులు దానికి సీతమ్మ పేరు పెట్టి ఇంట చేర్చుకొన్నారు. భాషాభిమానులమని చెప్పుకొనే మనకు ఆపాటి చొరవ లేకపోయిందా?

నేను మొదటి 151 పేర్లు వ్రాశాను. అక్కడినుండి కుక్కలు మొదలు. నాకు తెలిసినది ఊరకుక్క ఒక్కటే, తెలిసినవారు అందుకోండి.